విద్యార్థులకు స్వతంత్ర విచారము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. విద్య యనగానే మన సభలలో సామాన్యముగా వినవచ్చు మాటలు రెండు. మన పిల్లలు ఎక్కువ మార్కులు తెచ్చుకొనవలె ననునది యొకటి. మంచి యుద్యోగములు సంపాదింపవలె ననునది మరియొకటి. ఈ రెంటికిని నేను విరోధిని కాను. 35 ఏండ్లు బడిలో సంస్కృతాంధ్రములు బోధించినవాడను. మార్కు లేక యుద్యోగము లేదనియు, ఉద్యోగము లేక యిల్లు గడవదనియు నెరుగుదును. ఉదయమున ఈ వేదికమీద బహుమానము లందుకొనిన పిల్లలను జూచి మీ యందరితోబాటు నేనును సంతోషించితిని. తరువాత వారిలో ఇద్దరు ముగ్గురితో ముచ్చటించుచు, "మీరు చదివిన పాఠములలో మీకు నమ్మకము కుదురని విషయ మేదైన నున్నదా?" యని యడిగితిని. వారు నన్ను వింతగా చూచిరి. పాఠములో అచ్చయినదానిని నమ్మకుండుట కూడ సాధ్యమని వారికెవ్వరును చెప్పినట్లు లేదు. తెలివిగల పిల్లలే, బంగారమువంటి పిల్లలే. వారి తెలివిని మనమేమి చేయుచున్నామన్నదే నేటి నా విషయము.

విద్యార్థి తనంతట తానాలోచింపవలె ననగానే కొందరు కంఠస్థము చేయుటను నిందింప మొదలిడుదురు. ఆ నింద క్రొత్తది కాదు. 1993లో ఆచార్య యశ్‌పాల్‌గారి సంఘము భారము లేని చదువును గూర్చి నివేదిక సమర్పించెను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము బట్టీ పద్ధతిని విడువుమనెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును అదే చెప్పినది. ముప్పదేండ్లుగా కాగితముమీద ఈ మాట సాగుచునే యున్నది. పిల్లవాని సంచిలో గైడు పుస్తకము మాత్రము లావగుచునే యున్నది.

నాకు కంఠస్థముమీద కోపము లేదు. అమరకోశమును శబ్దమంజరియు నోటికి రానివాడు శ్లోకము ముందు కూర్చుండుట ఉలి లేని వడ్రంగి మ్రాను ముందు కూర్చుండుటవంటిది. ఎక్కములు రానివానికి లెక్క రాదు. కాని పిల్లవానికి ఉలి కొనిపెట్టి, దినమును దానిని నూరించి, మ్రానును మాత్రము ముట్టనీయక పెంచినచో వానిని వడ్రంగి యందురా? మన బడులలో జరుగుచున్నది ఈ నూరుట మాత్రమే.

మన పూర్వులు శ్లోకము చెప్పుటలో నవలంబించిన పద్ధతి యొకటి కలదు. దానికి ఖండాన్వయమని పేరు. ఆ పద్ధతిలో గురువు తాత్పర్యము చెప్పి వ్రాసికొమ్మనడు. ముందుగా క్రియాపదమును వెదకుమనును. శిష్యుడు "పోయెను" అను క్రియను పట్టుకొనె ననుకొందము. "ఎవడు పోయెను?" అని గురువు ప్రశ్న. శిష్యుడు ప్రథమావిభక్తిలోనున్న పదమును వెదకి చూపవలెను. "ఎట్టివాడు?" అనగా విశేషణమును చూపవలెను. "ఎచటికి? ఎవనితో? ఏమి చేసి? ఎందులకు?" ఇట్లు ప్రశ్న వెంట ప్రశ్న. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క పదము లేచి వచ్చి తన స్థానమున కూర్చుండును. ఛందస్సుకొరకు చెల్లాచెదరైన పదములన్నియు కడకు వాక్యమై నిలుచును.

దీని కాధారము ఆకాంక్ష. ఒక పదము చెవిని బడగానే మరియొక పదముకొరకు మనస్సునకు కలుగు ఆకలినే మన శాస్త్రకారులు ఆకాంక్ష యనిరి. "పోయెను" అని వినగానే "ఎవడు?" అని యడుగబుద్ధి పుట్టవలెను. పుట్టనివానికి ఎన్ని పదములు నేర్పినను వాక్యము రాదు. ఈ రీతిని ఒక యేడు చదివిన విద్యార్థి, గురువు చెంత లేనప్పుడును ఆ ప్రశ్నలను తన్ను తానే యడుగుకొనును. గురువుగారి గొంతు వాని లోపలికి చేరిపోవును. స్వతంత్ర విచారమని మనము పెద్ద పేరు పెట్టి పిలుచునది ఇంతకన్న వేరు కాదని నా యభిప్రాయము. ఎవ్వరును అడుగకయే తన్ను తానడుగుకొను నలవాటది. ఆ యలవాటు పుట్టుకతో రాదు. ఎవరో కొంతకాలము ఓపికతో మనలను అడిగియుండవలెను.

మరి యిప్పుడు జరుగుచున్నదేమి? ఇంటర్మీడియేటులో సంస్కృతమును రెండవ భాషగా తీసికొనువారిలో అనేకులు మార్కులకొరకే తీసికొందురు. సంస్కృతోపాధ్యాయునిగా నేను సంతోషింపవలసిన విషయమే గాని, నాకు సంతోషము రాదు. శ్లోకముయొక్క తాత్పర్యమును శ్లోకమును చూడకయే కంఠస్థము చేసినవానికి నిండు మార్కులు వచ్చుట నేనెరుగుదును. కోలాచల మల్లినాథసూరి తెలుగుదేశమువాడు. మెదకు ప్రాంతమునందలి కొల్చారము ఆయన యూరని ప్రసిద్ధి. ఆయన రఘువంశమునకు వ్యాఖ్య వ్రాయుచు, చెడు వ్యాఖ్యానముల విషముచే కాళిదాసుని వాక్కు మూర్ఛిల్లినదనియు, దానిని బ్రదికించుటకే తన వ్యాఖ్యయనియు చెప్పి, దానికి సంజీవని యని పేరు పెట్టెను. ఆధారము లేని మాట వ్రాయననియు, అక్కరలేని మాట చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. దుర్వ్యాఖ్యలనే విషమన్న మహానుభావుడు నేటి గైడును చూచినచో దానికేమి పేరు పెట్టియుండునో!

రఘువంశము మాట వచ్చినది గనుక, నా తరగతిలో జరిగిన యొక చర్చను చెప్పెదను. ద్వితీయసర్గ కథ మీలో ననేకులకు తెలిసినదే. సంతానము లేని దిలీపమహారాజు వసిష్ఠుల యానతిచే నందినీధేనువును సేవించుచుండును. ఒకనాడు హిమవంతపు గుహలో సింహము ఆ యావును పట్టుకొనును. రాజు బాణముకొరకు చేయి చాచును. చేయి బాణమునకు అంటుకొని కదలదు. అప్పుడాయన, ఆవునకు బదులుగా నా శరీరమును తినుమనును. సింహము నవ్వి వాదమునకు దిగును. ఏకచ్ఛత్రమైన రాజ్యము, యౌవనము, చక్కని దేహము, వీనినన్నిటిని ఒక యావుకొరకు వదలుట బుద్ధిమంతుని పని కాదనును. జీవకారుణ్యమే కారణమైనచో, నీవు చచ్చిన బ్రదుకునది ఈ యావొక్కటియే; నీవు బ్రదికియున్న ప్రజలందరిని తండ్రివలె కాపాడగలవనును. గురువుగారి కోపమునకు వెరచెదవేని, కోట్లకొలది యావులనిచ్చి శాంతింపజేయుమనును. రాజు ప్రత్యుత్తరమిచ్చును. ఆపదనుండి రక్షించువాడు గనుకనే క్షత్రియుడను పేరు కలిగినది. ఆ పేరునకు విరుద్ధముగా నడచువానికి రాజ్యమేల, ప్రాణమేల యనును. ఈ ధేనువు సురభికి తీసిపోవునది కాదు గనుక ఇతర ధేనువులతో గురువును శాంతింపజేయుట పొసగదనును. తుదకు సింహము నందిని కల్పించిన మాయయని తేలును.

పాఠము ముగించి, "సందేహములున్నవా?" యని యడిగితిని. వెనుక వరుసలోనున్న బాలిక లేచి యిట్లనెను: "అయ్యా! గురువుగారి కోపమును గూర్చి సింహము చెప్పిన మాటకు రాజు జవాబు చెప్పినాడు. కాని, బ్రదికియున్న అందరిని కాపాడగలవు గదా యన్న మాటకు జవాబేది? పేరును గూర్చి చెప్పినాడు. ప్రజలను గూర్చి చెప్పలేదు."

మహాజనులారా, ఈ ప్రశ్న ఏ గైడులోను లేదు. రాజు త్యాగశీలుడనియు, ఆదర్శపురుషుడనియు వ్రాసి ముగించుట అందరును చేయు పని. ఆ బాలిక మాత్రము సింహపు మాటలను రాజు మాటలతో ప్రక్కప్రక్కన పెట్టి కొలిచి చూచినది. నేను జవాబు చెప్పలేదు. "శ్లోకములను మరల చదువుడు. జవాబున్నదో లేదో మీరే వెదకి రెండు దినములలో చెప్పుడు" అంటిని. ఆ రెండు దినములు వారు రఘువంశమును చదివినట్లు మరి యెన్నడును చదువలేదు. ఒక్కొక్క పదమునకు విభక్తి చూచినారు. ఎవరి మాట ఎక్కడ ముగిసినదో, ఎవరి మాట ఎక్కడ మొదలైనదో చూచినారు.

మూడవనాడు ఒక బాలుడు లేచినాడు. వాని యింటివారు ఊరివారి పశువులను కాచి జీవించువారు. వాడనినది నాకిప్పటికిని జ్ఞాపకమున్నది: "అప్పగించిన పశువును పులి పట్టుకొన్నప్పుడు, ఇంకను నలువది యున్నవి గదా యని లెక్క చూచుకొని ఇంటికి వచ్చినవానికి మరునాడు పశువు నెవ్వరప్పగింతురు? ఆ నలువదియు వానికి మిగులవు. రాజు ఆ యావును విడిచినచో ప్రజలును ఆయనను నమ్మరు. కనుక రాజు చెప్పిన మాటలోనే జవాబున్నది." మల్లినాథుడును చూపని త్రోవ యది. తరగతి యంతయు సంతోషముతో కలకలలాడెను. కాని ఆ బాలిక కూర్చుండలేదు. "ఈ రాజునకు సంతానము లేదు. అందుకే గదా ఈ సేవ! ఆయన చచ్చినచో ఆ నమ్మకము నిలుపుకొని ప్రజలను కాచుట కెవరున్నారు?" అనెను.

చర్చ యచట నిలిచిపోయినది. నేను దానిని ముగింపలేదు. ముగింపవలసిన యక్కర నాకు కనబడలేదు. ఆ వారములోనే యొక తండ్రి వచ్చి, ఈ చర్చకు ఎన్ని మార్కులని మర్యాదగా నడిగెను. మార్కులు లేవంటిని. ఆయన మారు పలుకలేదు గాని ఆయన మొగము చూచితిని. ఆ యేటి పరీక్షలో ఆ ఘట్టమునుండి ప్రశ్న వచ్చినచో నా పిల్లలెట్లు వ్రాసియుందురో చెప్పలేను, అది రాలేదు. కాని ఆ యిద్దరును పాఠమును చదువు రీతి మారినదనుటకు నేనే సాక్షిని. అటుపిమ్మట ఏ పాత్ర యేమి చెప్పినను, ఎదుటి పాత్ర దానికి జవాబు చెప్పినదా లేదా యని చూచుకొని గాని వారు ముందునకు సాగలేదు.

గురువును గ్రంథమును ప్రశ్నించుట అవినయము కాదా యని మీలో కొందరు పెద్దలకు తోచవచ్చును. మన వ్యాకరణశాస్త్రమునే తీసికొనుడు. పాణిని సూత్రములు చెప్పెను. కాత్యాయనుడు వార్తికములు చేసి, సూత్రము చాలనిచోట చాలదనెను. పతంజలి మహాభాష్యమున ఇద్దరిని విచారించి, కొన్నియెడల సూత్రమును నిలిపెను, కొన్నియెడల వార్తికమును త్రోసివేసెను, కొన్నియెడల సూత్రమే యక్కరలేదని తేల్చెను. ఈ మువ్వురును వైయాకరణులకు మునులే. మువ్వురిలో అభిప్రాయభేదము కలిగినప్పుడు వెనుకటివాని మాటకే ప్రామాణ్యమెక్కువ యని శాస్త్రము వారి నిర్ణయము. మొదటివాడు కనుక పాణినియే గెలువవలెనని వారనలేదు. అట్లని పాణినికి గౌరవము తగ్గినదా? నేటికిని పతంజలి పేరు తలచువాడు పాణినికి నమస్కరించియే మొదలిడును. మహాభాష్యమంతయు ప్రశ్నోత్తరములుగా నడచిన గ్రంథమని మీకు తెలియును. పూర్వపక్షమును ఎంత బలముగా చెప్పగలిగిన సిద్ధాంతము అంత గట్టిపడునని వారి నమ్మకము. నేటి తరగతిలో పూర్వపక్షము చెప్పిన పిల్లవానికి బల్లమీద నిలుచుండు శిక్ష పడుచున్నది.

గురువు ఎట్లు నడచుకొనవలెనో చెప్పుటకు నాకు తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లికన్న మంచి యుదాహరణము కనబడదు. భృగువు తండ్రియైన వరుణునిచెంతకు పోయి, బ్రహ్మమును తెలుపుమనెను. వరుణుడు దేనిని వెదకవలెనో దాని గుర్తు మాత్రము చెప్పి, తపస్సు చేసి తెలిసికొమ్మనెను. కుమారుడు పోయి విచారించి, అన్నమే బ్రహ్మమని తెలిసికొని తిరిగి వచ్చెను. తండ్రి తప్పనలేదు, ఒప్పనలేదు. మరల తపస్సు చేయుమనెను. ప్రాణమని, మనస్సని, విజ్ఞానమని తెలిసికొని ఆ కుమారుడు వచ్చినప్పుడెల్ల అదే మాట. ఆనందమని తెలిసికొనిన పిమ్మట అతడు అడుగుటకు మరల రాలేదు. తండ్రికి జవాబు మొదటనే తెలియును. చెప్పివేసినచో ఒక్క నిమిషపు పని. ఆ నిమిషమును ఆపుకొనుటలోనే ఆయన గురుత్వమంతయు నున్నది.

మన ఉపాధ్యాయులలో పెక్కుమంది ప్రశ్న వేసి, మూడు లెక్కపెట్టులోపల తామే జవాబు చెప్పివేయుదురు. పాఠ్యభాగము పూర్తి కావలెనను తొందర వారిది. వారిని పూర్తిగా తప్పుపట్టలేము. అయినను నాకంటె చిన్నవారైన ఉపాధ్యాయులెవ్వరైన నన్ను సలహా యడిగినచో ఒక్కటే చెప్పుదును. ప్రశ్న వేసినతరువాత ఇరువది యంకెలు మనస్సులో లెక్కపెట్టుకొనుడు. మొదటి పది యంకెలు తరగతి మీ మొగము చూచును. తరువాతి పదిలో పుస్తకము చూచును. జవాబు వచ్చినప్పుడు "భేష్" అని యూరకుండక, "నీకెట్లు తెలిసినది?" అని యడుగుడు. తప్పు జవాబు చెప్పినవానిని మాత్రమే అట్లడిగెదరేని, ఆ మాట తిట్టని పిల్లలు గ్రహింతురు. ఒప్పు చెప్పినవానిని గూడ అడుగవలెను.

మరియొక జాగ్రత్త యవసరము. ప్రశ్నింపుమనగానే ప్రతిదానిని కాదనుటయే తెలివి యనుకొను యువకులు కలరు. న్యాయశాస్త్రమున గౌతముడు కథను మూడు విధములుగా విభజించెను. సత్యము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు చేయునది జల్పము. తన పక్షమేదియు స్థాపింపక ఎదుటివాని మాటను పడగొట్టుటకే చేయునది వితండ. నేటి దూరదర్శన చర్చలను చూచువారికి కడపటి రెంటికి ఉదాహరణములు నేను చెప్పనక్కరలేదు. బడిలో నేర్పవలసినది మొదటిది. అది నేర్పుటకు పెద్ద గ్రంథములు కూడ వలదు. తెలుగువాడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు పిల్లలకొరకు వ్రాసిన తర్కసంగ్రహము చాలును. కొండమీద నిప్పున్నదని చెప్పుదువేని, పొగ యను హేతువును చూపుము. పొగ యున్నచోట నిప్పుండునను నియమమునకు వంటయిల్లువంటి దృష్టాంతమును చూపుము. ఇంతే.

ఇది పాతకాలపు మాట యనుకొనవలదు. ఈ నడుమ మా వీధిలో ప్రతి సెల్‌ఫోనునకును ఒక వార్త వచ్చినది. ఏదో యొక యాకు నమిలినచో మధుమేహము కుదురునట. మా మనుమరాలు దానిని నాకు చదివి వినిపించెను. "హేతువేమి?" యంటిని. "ఒకాయనకు తగ్గినదట" అనెను. "ఆయన ఆ యాకు తినుచు, వైద్యుడిచ్చిన మాత్రలు మానెనా? ఆ యాకు తినియు తగ్గనివారు లేరా?" యంటిని. కొంతసేపు ఆలోచించి, "ఉన్నచో అది సవ్యభిచారము గదా, తాతయ్యా?" అనెను. హేతువున్నచోట సాధ్యము లేకపోవచ్చునేని ఆ హేతువు సవ్యభిచారము, హేత్వాభాసములలో మొదటిది. పండ్రెండేండ్ల పిల్ల యొక ప్రాణాపాయపు వార్తను తూచుటకు ఆ యొక్క మాట చాలినది. నేడు సెల్‌ఫోను నడిగినచో క్షణములో ఏ ప్రశ్నకైనను జవాబు వచ్చును, చక్కని భాషలో వచ్చును. అందుచేతనే "నీకెట్లు తెలిసినది?" అను ప్రశ్న మునుపటికన్న నేడు మరింత యవసరమైనది.

భాష మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. గ్రాంథికమున మాటలాడు ఈ ముసలివాడు స్వతంత్ర విచారమును గూర్చి చెప్పుటేమని మీలో యువకులు నవ్వుకొనుచుండవచ్చును. ఇది నాకు అలవడిన భాష. తరగతిలో మాత్రము ప్రశ్నను పిల్లల భాషలోనే యడుగవలెనని నా దృఢమైన యభిప్రాయము. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాష నేర్చి, ఆ భాషలోనే వారి పిల్లలకు చదువు చెప్పించుటకు పూనుకొనిరి. తనకు రాని భాషలో పిల్లవాడు ఒప్పగించగలడు గాని సందేహింపలేడు. ఒకటవ తరగతినుండియే ఇంగ్లీషు బడికి పంపి, ఇంటిలో దానిని చెప్పువారెవ్వరును లేకుండ చేసి, మా పిల్లవాడు ప్రశ్నలే యడుగడని వాపోవు తల్లిదండ్రులు ఈ సంగతి నాలోచింతురు గాక.

ఇక కొంచెము కష్టమైన మాట. పిల్లలకు ఆలోచించుట నేర్పినచో వారు దిలీపుని గూర్చియే యడిగి యూరకుండరు. మనలను గూర్చి గూడ అడుగుదురు. కఠోపనిషత్తునందలి నచికేతుని చూడుడు. తండ్రి యజ్ఞముచేసి ఎండిపోయిన ముసలి యావులను దానమిచ్చుచుండెను. బాలుడది చూచెను. అప్పుడు వానియందు శ్రద్ధ ప్రవేశించెనని ఉపనిషత్తు చెప్పును. మనము శ్రద్ధ యనగా తలయూచుట యనుకొనుచున్నాము. ఉపనిషత్తు తండ్రి చేయు దానములోని లోపమును చూచి నిలువలేకపోయిన బాలుని మనస్సునకు ఆ పేరు పెట్టినది. నన్నెవరికిచ్చెదవని వాడు ముమ్మారు అడిగెను. తండ్రికి కోపము వచ్చి మృత్యువున కిచ్చితిననెను. ఆ కోపపు మాట కొద్దిపాటి మార్పులతో మన యిండ్లలో నేటికిని వినబడును. దాతలు నన్ను క్షమింతురు గాక, మన వసతిగృహపు గ్రంథాలయమును నేను చూచితిని. విరాళముగా వచ్చిన పుస్తకములలో పాత పోటీపరీక్షల గైడులే హెచ్చు. పాలివ్వని యావు లనేక రూపములలో నుండును.

రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆయన అచటి కళాశాలలో తెలుగు చెప్పు పండితులు. ఆ వివాహమునకు ఆయన విద్యార్థులు కొందరు అండగా నిలిచిరి. వెలి యను భయము ఆ కాలమున చిన్నది కాదు. ఆ యువకులు ఎదిరించినది పరాయివారిని కాదు. తమ యింటి పెద్దలను, తమ కులపు పెద్దలను. నేడు అన్ని సభలలోను పంతులుగారి పటమునకు పూలమాల వేయుచున్నాము. ఆనాడు మనవంటి సభయే యుండినచో, అది ఏ వైపున కూర్చుండి యుండెడిదో నేను చెప్పజాలను.

కట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. మన వసతిగృహములో నుండి చదివి పైకి వచ్చిన యువకుని వెల పెండ్లిచూపులలో ఎట్లు పెరుగునో మీకు తెలియును. ఆ వసతిగృహమునందలి బాలుడొకడు రేపు లేచి, "నాకు సంఘమిచ్చిన యన్నము ఎవరి కొరకు? మా తండ్రిగారు నన్ను పెద్ద వెలకు అమ్ముకొనుటకా?" యని యడిగిన మనమేమి చెప్పుదుము? బాలికలకు వసతిగృహము బాలురదానికన్న చిన్నదేల యని యొక చెల్లెలడిగిన నేమి చెప్పుదుము? కులసంఘమే యెందుల కని ఇంకొకడడుగును. ఈ కడపటి ప్రశ్న నాకు రుచింపదు. నేను ఈ సంఘపు టన్నము తిని చదువుకొన్నవాడను. సంఘము లేనిచో నేను శబ్దమంజరిని గూడ చూచియుండను. కాని అడిగినవానికి చెప్పుటకు నావద్ద హేతువులున్నవి. వానిని చెప్పుదును. అవి చాలునో చాలవో వానినే నిర్ణయించుకొననిత్తును. "నీకేమి తెలియును, కూర్చుండుము" అనుట ఒక హేతువు కాదు. అట్లనినచో నోరు మూసికొని కూర్చుండును గాని, రెండేండ్లలో మనలను విడిచి పోవును. ఏ ప్రశ్నయు అడుగకయే పోవును. అట్లు పోయినవారు మన జాబితాలో ఎంతమందియో కార్యదర్శిగారే యెరుగుదురు.

నేను సంఘమునకు చేయు మనవులు స్వల్పమైనవి. ఉపకారవేతనములను ఇప్పుడు మార్కుల పట్టికను మాత్రమే చూచి యిచ్చుచున్నాము. మార్కులతోబాటు, తాను చదివిన పుస్తకములో తనకు సందేహము కలిగిన యొక విషయమును, ఆ సందేహమునకు హేతువును ఒక పుటలో వ్రాసి పంపుమని ప్రతి విద్యార్థిని కోరవలెను. జవాబు వ్రాయనక్కరలేదు. ఆ పుటను చదువుటకు ముగ్గురు పెద్దలు కావలెను. నా కన్నులు పనిచేయునంతకాలము నేనొకడను. వసతిగృహమున వారమున కొక సాయంకాలము వాదసభ జరుగవలెను. దానిలో నియమమొక్కటే: తన పక్షమును చెప్పుటకు ముందు ఎదుటివాని పక్షమును, ఎదుటివాడు ఔననునట్లు, చెప్పగలుగవలెను. పర్యవేక్షకులవారు కడపట మాత్రమే మాటలాడవలెను. మాటలాడకున్నను చింత లేదు. గ్రంథాలయమునకు ఈ యేడు దాతలు పుస్తకములు కొనునప్పుడు, ఒకే విషయముమీద ఒకదాని నొకటి ఖండించు పుస్తకములను జంటలుగా కొనవలెను. ఎవరి పక్షమును మెచ్చుదురో ఆ పుస్తకమును మాత్రమే కొనిపంపు దాతలను నేనెరుగుదును. వారు రెండవదానికి గూడ వెల పంపుదురు గాక.

ఈ మూడును కాగితముమీద వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిని. రేపటి కార్యనిర్వాహక సమావేశమున చర్చకు పెట్టెదమని వారు మాట యిచ్చిరి. ఆ చర్చ వసతిగృహపు పిల్లలను గూర్చినది గనుక, వారిలో నలుగురిని, అందు ఇద్దరు బాలికలను, లోపలికి పిలిచి మనతో సమానముగా కుర్చీలలో కూర్చుండబెట్టవలెనని ప్రార్థించుచున్నాను.